దొరికిన క్యాన్సర్లు సరే, తగ్గిన చావులెన్ని?

ప్రభుత్వ ప్రకటనలకు ఒక మూస ఉంటుంది. ఇన్ని లక్షల మందికి క్యాన్సర్ స్క్రీనింగ్ పూర్తి చేశాం, ఇన్ని వేల మందిలో అనుమానిత లక్షణాలు గుర్తించాం, ఇంతమందిని పెద్దాస్పత్రికి పంపాం. పార్టీ మారినా, ముఖ్యమంత్రి మారినా, పథకం పేరు మారినా ఆ మూస మాత్రం మారదు. కార్పొరేట్ ఆస్పత్రి హోర్డింగు ఇంకో అడుగు ముందుకేసి, ముందే కనిపెడితే నూటికి ఇంతమంది అయిదేళ్లు దాటి బతుకుతారని భరోసా ఇస్తుంది. ఇన్ని లెక్కల్లో ఒక్క లెక్క ఎక్కడా కనపడదు. ఇంత హడావుడి చేశాక, క్యాన్సర్‌తో పోయేవాళ్లు ఎంతమంది తగ్గారు?

ఈ ప్రశ్న ఎలా అడగాలో, జవాబు ఎలా రాబట్టాలో ప్రపంచానికి చూపించినవాళ్లలో మొదటి పేరు శామ్ షపీరో. ఆయన డాక్టరు కాదు. స్టెతస్కోపు పట్టలేదు, ఎక్స్‌రే చదవలేదు. వృత్తిరీత్యా గణాంకవేత్త. రొమ్ము క్యాన్సర్‌ను వెతికే ఎక్స్‌రే పరీక్ష మామోగ్రఫీ గురించి ఇవాళ ఎవరు ఏం మాట్లాడినా, అనుకూలంగానైనా వ్యతిరేకంగానైనా, ఆయన గీసిన గీత మీద నిలబడే మాట్లాడాలి. మన దగ్గర ఆ గీత ఉందని కూడా ఎవరికీ పట్టదు. నా ఫిర్యాదు అదే.

క్యాన్సర్ వైపు రాకముందు షపీరో ఎక్కడ పనిచేశాడో చూడండి. అమెరికా జాతీయ జనన మరణ గణాంకాల కార్యాలయంలో. 1950 జనగణన వేళ అక్కడ ఒక పరీక్ష పెట్టారు. దేశంలో పుట్టిన ప్రతి బిడ్డా నిజంగా రిజిస్టరుకెక్కుతోందా లేదా అని. జనగణన సిబ్బంది ఇంటింటికీ తిరుగుతూ, ఆ ఏడాది జనవరి నుంచి మార్చి దాకా పుట్టిన పసిపిల్లలకు విడిగా ఒక కార్డు నింపారు. ఆ కార్డులను పట్టుకొచ్చి జనన ధ్రువపత్రాలతో ఒక్కొక్కటిగా జత కలిపారు. జత దొరకని కార్డు అంటే, ప్రభుత్వం దృష్టిలో పుట్టని బిడ్డ అన్నమాట. 1940లో ఇలాగే చూస్తే నూటికి 92.5 మంది రిజిస్టరులో ఉన్నారు. 1950 నాటికి 97.9కి చేరారు. ఆ పరీక్ష పద్ధతినీ ఫలితాలనూ వివరించిన వ్యాసం మీద ఉన్న రెండు పేర్లలో ఒకటి షపీరోది. ఆ తర్వాత ఆయన శిశు మరణాల మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. వినడానికి చప్పగా ఉండే ఉద్యోగం. ఒక కాగితాన్ని ఇంకో కాగితంతో జతపరచడం, జత దొరకనిదాని వెంటపడటం. క్యాన్సర్ పరిశోధనలో ఆయన చేసిన గొప్ప పనికి ముడిసరుకు మాత్రం ఈ అలవాటే.

1950ల మధ్యలో ఆయన న్యూయార్క్‌లోని హెచ్‌ఐపీలో చేరాడు. హెల్త్ ఇన్సూరెన్స్ ప్లాన్ ఆఫ్ గ్రేటర్ న్యూయార్క్. మేయర్ లా గార్డియా చొరవతో 1947లో మొదలైన ఆరోగ్య బీమా సంస్థ అది. సభ్యులు నెలనెలా చందా కడతారు, సంస్థకు అనుబంధంగా ఉన్న వైద్య బృందాలు చూస్తాయి. గణాంకవేత్త కంటికి అక్కడున్న అసలు ఆస్తి సభ్యుల జాబితా. ఎవరు ఎప్పుడు చేరారు, వయసెంత, ఏ బృందం దగ్గర చూపించుకుంటున్నారు, అన్నీ అందులో ఉన్నాయి. ఫిలిప్ స్ట్రాక్స్ అనే రేడియాలజిస్టు, లూయిస్ వెనెట్ అనే సర్జన్ ఆయనకు తోడయ్యారు. స్ట్రాక్స్ భార్య రొమ్ము క్యాన్సర్‌తో చిన్న వయసులోనే పోయింది. మామోగ్రఫీ ప్రాణాలు కాపాడుతుందని ఆయన నమ్మకం. షపీరోకి నమ్మకంతో పనిలేదు, రుజువు కావాలి.

1963 డిసెంబరులో మొదలైంది. 23 వైద్య బృందాల జాబితాల్లోంచి 40 నుంచి 64 ఏళ్ల మధ్య ఆడవాళ్లను సుమారు 62 వేల మందిని తీసుకుని, రెండు సమాన గుంపులు చేశారు. ఒక గుంపుకి పిలుపు వెళ్లింది. రండి, డాక్టరు చేత్తో పరీక్షిస్తారు, మామోగ్రఫీ కూడా తీస్తారు, ఏడాదికోసారి చొప్పున మొత్తం నాలుగుసార్లు. రెండో గుంపుకి ఏ పిలుపూ లేదు. వాళ్లు ఎప్పట్లాగే తమ డాక్టర్ల దగ్గరికి వెళ్తూ వస్తూ ఉన్నారు.

పిలిచిన వాళ్లందరూ రాలేదు. మూడింట రెండొంతుల మంది వచ్చారు, మిగతావాళ్లు ఒక్కసారి కూడా గడప తొక్కలేదు. ఇక్కడ మామూలు మనిషి ఏం చేస్తాడు? రానివాళ్లను పక్కన పెట్టి, వచ్చినవాళ్లకు ఎంత మేలు జరిగిందో చూస్తాడు. షపీరో ససేమిరా అన్నాడు. రానివాళ్లు కూడా మొదటి గుంపు లెక్కలోనే ఉంటారని తేల్చాడు. పరీక్షే చేయించుకోని మనిషి చావును పరీక్షల ఖాతాలో రాయడమేమిటి? పైకి చూస్తే అన్యాయంలాగే ఉంటుంది. కానీ రమ్మనగానే వచ్చేవాళ్లు ఒక రకం మనుషులు, ఎంత పిలిచినా రానివాళ్లు ఇంకో రకం. హెచ్‌ఐపీలో రానివాళ్ల లెక్కలు విడిగా తీసి చూస్తే, ఇతర జబ్బులతో పోయినవాళ్లు వాళ్లలో ఎక్కువ. తమ ఒంటి సంగతి తాము చూసుకునేవాళ్లే శిబిరానికి వస్తారు. వాళ్లను మాత్రమే లెక్కపెడితే మేలు చేసింది మామోగ్రఫీయో, వాళ్ల జాగ్రత్తో ఎవరు చెప్పగలరు? మన ఊళ్లో ఉచిత వైద్య శిబిరం టెంటు ముందు నిలబడే క్యూ చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. బీపీ మాత్రలు రోజూ వేసుకునేవాళ్లే మళ్లీ బీపీ చూపించుకోవడానికి వస్తారు.

అసలు మెలిక ఇంకొకటి. అయిదేళ్ల బతుకు లెక్క ఎందుకు మోసం చేస్తుందో కాగితం పెన్సిలు తీసుకుని చూద్దాం. ఒకావిడకు 54వ ఏట గడ్డ చేతికి తగిలింది. వైద్యం జరిగింది. 58వ ఏట పోయింది. నాలుగేళ్లే బతికింది కాబట్టి అయిదేళ్ల లెక్కలో ఆమె ఓడిపోయినట్టు. అదే మనిషికి 52వ ఏట మామోగ్రఫీలో మచ్చ కనపడిందనుకోండి. వైద్యం జరిగింది. 58వ ఏటే పోయింది. ఇప్పుడు ఆరేళ్లు బతికినట్టు! అయిదేళ్ల లెక్కలో గెలిచినట్టు! హోర్డింగు మీది శాతంలో ఆమె కూడా చేరుతుంది. చావు తేదీ ఒక్క రోజు కూడా జరగలేదు. భయం రెండేళ్లు ముందు మొదలైంది, అంతే. ఈ ముందస్తు కాలం ఎంతో అంచనా వేసి, దాన్ని విజయంగా చూపించకూడదని పట్టుబట్టిన తొలితరం పరిశోధకుల్లో షపీరో ఒకడు.

దీనికి కవల సోదరుడి లాంటి ఇంకో మోసం ఉంది. ఏడాదికోసారి ఊళ్లోకి వచ్చి ఇంటింటా ఎవరున్నారో రాసుకుపోయే మనిషికి ఊళ్లో కాపురమున్నవాళ్లే దొరుకుతారు. వచ్చి మూడు రోజులుండి వెళ్లిపోయే చుట్టాలు దొరకరు. స్క్రీనింగ్ శిబిరమూ అంతే. నెమ్మదిగా, ఏళ్ల తరబడి నసుగుతూ పెరిగే గడ్డలే దానికి ఎక్కువగా చిక్కుతాయి. రెండు శిబిరాల మధ్య పుట్టి ప్రాణం తీసే మొండి రకం చిక్కదు. దొరికినవి మెతక రకం కాబట్టి వాటి రోగులు ఎక్కువ కాలం బతుకుతారు, ఆ పేరు శిబిరానికి వస్తుంది. 1969లో మార్విన్ జెలెన్, మానింగ్ ఫైన్‌లీబ్ అనే ఇద్దరు ఈ తిరకాసుకు గణిత రూపం ఇచ్చారు. జెలెన్ కూడా గణాంకవేత్తే. తర్వాతి కాలంలో హార్వర్డ్‌లో బయోస్టాటిస్టిక్స్ విభాగాన్ని నడిపాడు. ఈ రంగంలో గడియ వేసి కాపలా కూర్చున్నది ఎక్కువగా లెక్కల మనుషులే.

ఇదంతా పుస్తకాల్లో గొడవ అనుకునేవాళ్ల కోసం రెండు సంగతులు.

మొదటిది అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు 1970లలో చేసిన ఊపిరితిత్తుల క్యాన్సర్ పరిశోధన. విపరీతంగా సిగరెట్లు తాగే 9,211 మంది మగవాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి నాలుగు నెలలకోసారి ఛాతీ ఎక్స్‌రే, కఫం పరీక్ష. ఆ గుంపులో 206 క్యాన్సర్లు బయటపడ్డాయి, రెండో గుంపులో 160. తరచూ పరీక్షించిన గుంపులో రోగం బయటపడ్డాక బతికిన కాలం ఎంతో మెరుగ్గా కనపడింది. ఇక ఆ క్యాన్సర్ చావులు లెక్కపెట్టారు. తరచూ పరీక్షించిన గుంపులో 122. రెండో గుంపులో 115. పరీక్షలన్నీ చేసిన వైపు ఒక్క ప్రాణమూ అదనంగా దక్కలేదు. బతికిన శాతం, అదే సర్వైవల్ రేటు, మాత్రం ప్రకటనలో వేసుకోవడానికి బ్రహ్మాండంగా ఉంది.

రెండోది దక్షిణ కొరియా. అక్కడ ఇతర క్యాన్సర్ల స్క్రీనింగ్‌కి వెళ్లినవాళ్లకి, కాస్త డబ్బు ఎక్కువిస్తే మెడ మీద అల్ట్రాసౌండ్ కూడా తీసేవారు. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణ 15 రెట్లు పెరిగింది. థైరాయిడ్ క్యాన్సర్ మరణాలు? ఉన్నచోటే ఉన్నాయి. అంటే వేల మంది ఏమీ చేయని చిన్న గడ్డల కోసం గ్రంథి తీయించుకుని, జీవితాంతం మాత్రలు మింగుతున్నారు. మన మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీల ధరల పట్టిక ఎప్పుడైనా తీరిగ్గా చదవండి. సిల్వరు, గోల్డు, ప్లాటినం. ప్లాటినంలో ఉన్నవన్నీ మనిషిని కాపాడేవి అనుకుంటే పొరపాటు. కొన్ని రోగిని తయారుచేసేవి.

తిరిగి న్యూయార్క్‌కి వద్దాం. షపీరో బృందం చావుల కోసం ఓపిగ్గా ఎదురుచూసింది. ఏళ్ల తరబడి రెండు గుంపుల పేర్లనూ మరణ ధ్రువపత్రాలతో జతపరుస్తూ పోయారు. పసిపిల్లల కార్డులు జతపరచిన మనిషే ఇప్పుడు పోయినవాళ్ల కాగితాలు జతపరుస్తున్నాడు. చివరికి తేలిందేమిటంటే, పిలుపు వెళ్లిన గుంపులో, రానివాళ్లను కలుపుకున్నా సరే, పదేళ్ల దగ్గర రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తక్కువ. పద్దెనిమిదేళ్లకు చూస్తే 23 శాతం తక్కువ. అన్ని వేల మందిలో ఈ తేడా కొన్ని పదుల ప్రాణాలు. కానీ అది గట్టి తేడా, ముందస్తు కాలం మాయ తగలని తేడా. అప్పటికీ ఆయన గంతులు వేయలేదు. మొదటి ఏళ్లలో మేలు కనపడింది 50 దాటినవాళ్లలోనే అని, నలభైల్లో ఉన్నవాళ్లలో కనపడలేదని తానే రాశాడు. 1973లో జాన్స్ హాప్కిన్స్‌కి వెళ్లిపోయాక కూడా ఆ లెక్కను వదల్లేదు. 1988లో క్యాన్సర్ పరిశోధనకిచ్చే కెటరింగ్ బహుమతిని రేడియాలజిస్టు స్ట్రాక్స్‌తో కలిసి అందుకున్నాడు. డాక్టరుకీ లెక్కల మనిషికీ చెరిసగం! మన దగ్గర ఏ వైద్య పురస్కారం వేదిక మీదైనా గణాంకవేత్తను చూశారా మీరు?

ఈ పరిశోధనలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన అంకె ఒకటుంది. సాధారణంగా ఎవరూ చెప్పరు. స్క్రీనింగ్‌లో మొత్తం 132 క్యాన్సర్లు దొరికాయి. వాటిలో మామోగ్రఫీకి మాత్రమే దొరికినవి 44. డాక్టరు చేతికి మాత్రమే తగిలినవి 59. రెండింటికీ దొరికినవి 29. అంటే మామోగ్రఫీకి చరిత్రలో గద్దె వేసిన పరిశోధనలోనే చెయ్యి యంత్రం కన్నా ఎక్కువ పట్టుకుంది. అప్పటి యంత్రాలు నాసిరకం కాబట్టి అలా అయిందనడం నిజమే. అయినా ఈ 59ని గుర్తుపెట్టుకోండి, ముంబై వెళ్లినప్పుడు పనికొస్తుంది.

తర్వాత అమెరికా చేసిందేమిటి? 1973లో ప్రభుత్వం, క్యాన్సర్ సొసైటీ కలిసి 29 కేంద్రాల్లో దాదాపు 2.8 లక్షల మందికి మామోగ్రఫీ మొదలుపెట్టాయి. పోలిక గుంపు లేకుండా! షపీరో నేర్పిన పాఠం సిరా ఆరకముందే మర్చిపోయారు. 1976లో జాన్ బెయిలర్ అనే మరో లెక్కల మనిషి, యాభై లోపువాళ్లకి మేలు రుజువు కాలేదు, ఎక్స్‌రే వల్ల హాని కూడా జరగొచ్చు అని రాసి తిట్లు తిన్నాడు. చివరికి ఆ వయసువాళ్ల విషయంలో ప్రభుత్వానికి వెనక్కి తగ్గక తప్పలేదు. 1997లో ఇంకా వింత జరిగింది. నలభైల్లో ఉన్న ఆడవాళ్లందరికీ మామోగ్రఫీ సిఫార్సు చేయడానికి ఆధారాలు చాలవని నిపుణుల సంఘం చెబితే, అమెరికా సెనేట్ ఆ పరీక్షకు మద్దతుగా 98–0తో తీర్మానం చేసింది. ఆధారాల మీద ఓటింగు! తర్వాత కొన్ని వారాలకే జాతీయ క్యాన్సర్ సంస్థ మాట మార్చుకుంది. అసెంబ్లీలో చప్పట్లతో శాస్త్రం నెగ్గించడం మన సొత్తే అనుకుంటాం గానీ, పెద్దన్న కూడా తక్కువ తినలేదు.

డాక్టర్లు దీనికి చెప్పే జవాబు నాకు తెలుసు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి సగం ముదిరాక వస్తున్నారు, గడ్డ పుండై పురుగు పట్టాక వస్తున్నారు, ఇరవై ఏళ్లు లెక్కలు కట్టుకుంటూ కూర్చునే తీరిక మాకు లేదు, పోలిక గుంపు పేరుతో కొందరు ఆడవాళ్లను పరీక్షలు లేకుండా వదిలేయడం పాపం అంటారు. ఈ చివరి మాటను తేలిగ్గా తీసేయలేం. మన దేశంలో జరిగిన పరిశోధనల మీదే ఆ విమర్శ గట్టిగా వచ్చింది. కానీ మేలు చేస్తుందో లేదో తెలియని పరీక్షను కోట్లమంది మీద రుద్ది, ఎవరు బతికారో ఎవరు పోయారో రాసుకోకుండా ఉండటం అంతకన్నా పెద్ద పాపం. మొదటిది పోలిక కోసమైనా చేసిన పని. రెండోది ఎందుకూ కాదు.

పైగా లెక్క కట్టినచోట మనకే మేలు జరిగింది. ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టి, లక్షన్నర మంది ఆడవాళ్లను ఇరవై ఏళ్లు వెంబడించారు. మామోగ్రఫీ లేదు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. ముదిరిన దశలో బయటపడ్డవి 47 శాతం నుంచి 37 శాతానికి తగ్గాయి. మరణాలు మొత్తం మీద 15 శాతం తగ్గినట్టు కనపడ్డా, అది కాకతాళీయం కాదని తేల్చి చెప్పేంత బలం ఆ అంకెకు లేదు. 50 దాటినవాళ్లలో మాత్రం దాదాపు 30 శాతం తగ్గాయి. న్యూయార్క్‌లో ఆ 59 గుర్తుందా? చెయ్యి. కోట్ల రూపాయల యంత్రం కాదు. మహారాష్ట్రలోనే ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్ఫై వేల మంది ఆడవాళ్లతో ఇంకో పరిశోధన జరిగింది. ఆ రోగం తెచ్చే వైరస్‌ను వెతికే హెచ్‌పీవీ పరీక్ష ఒకే ఒక్కసారి చేస్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి పడిపోయాయని 2009లో తేలింది. తిరువనంతపురం జిల్లాలో నోరు తెరిపించి చూసే పరీక్ష చేస్తే, పొగాకో మద్యమో అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. అలవాటు లేనివాళ్లను కూడా కలిపేస్తే గట్టిగా చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే అందరి నోళ్లూ తెరిపించక్కర్లేదు, ఎవరి నోరు తెరిపించాలో తెలిస్తే చాలు. లెక్క చెప్పేది ఇదే. ఎక్కడ ఖర్చుపెట్టాలో, ఎక్కడ చేతులు ముడుచుకోవాలో.

ఇప్పుడు మన సంగతి. ముప్ఫై దాటినవాళ్లందరికీ నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు చేయాలని 2016లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఆశా వర్కర్లు ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపుతున్నారు, ఏఎన్ఎంలు యాప్‌లోకి ఎక్కిస్తున్నారు, పోర్టల్‌లో అంకెలు కోట్లు దాటుతున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను నేరుగా అడిగితే, గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నామన్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు, 1.9. రొమ్ము పరీక్ష 0.9. ఆ తర్వాత పెరిగి ఉండొచ్చు, కాదనను. కానీ పెరిగిందీ లేనిదీ ఏ రిజిస్టరు చూసి తేల్చుకోవాలి?

షపీరో దగ్గర రెండు జాబితాలున్నాయి. బతికున్నవాళ్లది ఒకటి, పోయినవాళ్లది ఒకటి. మన దగ్గర రెండూ సరిగ్గా లేవు. బతికున్నవాళ్ల జాబితా 2011 నాటిది. 2021లో జరగాల్సిన జనగణన 2027కి వెళ్లింది. ఆ పాత జనాభాతో భాగించి మనం రేట్లు చెప్పుకుంటున్నాం. పోయినవాళ్ల జాబితా సంగతి మరీ దారుణం. 2020లో దేశంలో నమోదైన మరణాలు 81 లక్షల పైచిలుకు. వాటిలో డాక్టరు కారణం రాసి సంతకం పెట్టినవి 18 లక్షలు, అంటే దాదాపు 22 శాతం. మిగతా ముప్పావు వంతు పైగా మనుషులు దేనితో పోయారో వైద్యపరంగా ఎవరూ రాయలేదు. క్యాన్సర్ రిజిస్ట్రీలు ఉన్నాయి, అవి మంచి పనే చేస్తున్నాయి, కానీ వాటి పరిధి దేశ జనాభాలో చిన్న ముక్క. స్క్రీనింగ్ వల్ల చావులు తగ్గాయా అని రేపు ఏ మంత్రికైనా నిజంగా తెలుసుకోవాలనిపించినా, జవాబు చెప్పే కాగితం లేదు. వ్యాన్లు కొనడానికి టెండర్లు పిలుస్తాం, ప్రారంభోత్సవానికి రిబ్బన్ కత్తిరిస్తాం. మరణ కారణాల రిజిస్టరుకు రిబ్బన్ ఉండదు కదా!

సి.ఆర్. రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివారని, ప్రపంచం మెచ్చిన గణాంకవేత్త మన తెలుగువాడని 2023లో ఆయనకు అంతర్జాతీయ బహుమతి వచ్చినప్పుడు, కొన్ని నెలలకే ఆయన పోయినప్పుడు కూడా మురిసిపోయి రాసుకున్నాం. మరి మన జిల్లా ఆరోగ్య కార్యాలయాల్లో గణాంక అధికారి కుర్చీ ఎక్కడుందో ఎప్పుడైనా చూశారా? చాలాచోట్ల ఆయన పని పైవాళ్లు అడిగిన ఫార్మాట్‌లో పైవాళ్లు అడిగిన అంకె నింపి పంపడం. ప్రశ్న అడిగే అధికారం ఆ కుర్చీకి లేదు. మహానుభావుల విగ్రహాలకు దండలేసి, వాళ్ల వృత్తిని గుమాస్తా పనికి దింపడంలో మనం సిద్ధహస్తులం.

చేయలేక కాదు. మన శ్రీకాకుళం జిల్లానే చూడండి. తీరం వెంబడి పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అంగిలి మాడిపోతుంది, తెల్లబారుతుంది, కొందరికి అక్కడే క్యాన్సర్ పుడుతుంది. 1960లలోనే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కి చెందిన దంత పరిశోధకులు ఆ పల్లెల్లో తిరిగి 10,169 మంది నోళ్లు తెరిపించి చూశారు. 1971లో ఆ పరిశోధన అచ్చయింది. ఆ తర్వాత ప్రకాశ్ గుప్తా బృందం కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్‌తో పాటు మన శ్రీకాకుళాన్నీ కలిపి, 36 వేల మంది పొగాకు అలవాటున్నవాళ్లను ఏటా వెతుక్కుంటూ వెళ్లి, మాన్పించే ప్రయత్నం చేసి, నోట్లో మచ్చలు తగ్గాయో లేదో రాసుకుంది. మళ్లీ మళ్లీ అదే గడపకి వెళ్లారు. కంప్యూటర్లు లేని రోజుల్లో, రోడ్లు సరిగా లేని పల్లెల్లో. ఇవాళ ఆశా వర్కర్ చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది. అదే గడపకి మళ్లీ వెళ్లి, మొదటిసారి నోరు చూసినావిడ ఇప్పుడు ఎలా ఉందో అడగమని ఆ ఫోన్‌లో ఏ యాప్ చెబుతోంది?

మా పెద్దమ్మది ఆ వైపే. జీవితమంతా అడ్డపొగ తాగింది. చుట్ట ఆరిపోకుండా నోట్లో పెట్టుకునే దోసెలు పోసేది, మాట్లాడేది, మమ్మల్ని తిట్టేది. అంగిట్లో పుండు లేచాక విశాఖలో చూపించారు. అప్పటికే ముదిరింది. ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు. రెండు నెలలకి ఇంట్లోనే పోయింది. పదకొండో రోజు అయ్యాక నేనూ మా పెద్దన్నయ్యా మరణ ధ్రువపత్రం కోసం వెళ్లాం. ఫారం నింపుతున్న కుర్రాడు మరణ కారణం గడి దగ్గర ఆగి, ఏటి రాయమంటారు సార్ అన్నాడు. నోటి క్యాన్సర్ అన్నాను.

"ఇంటికాడే పోయింది గదండీ. డాక్టరు కాయితం ఉందా?"

ఆస్పత్రి డిశ్చార్జి కాగితం ఉందన్నాను. అది చావు కాగితం కాదు గదా అన్నాడు. నిజమే. ఊరికే రాస్తే పైనుంచి అడుగుతారు, సహజ మరణం అని రాసేస్తాను, మీకూ ఇబ్బంది ఉండదు అన్నాడు. మంచి కుర్రాడే, మా పని త్వరగా అవ్వాలనే అతని తాపత్రయం. ఎలాగూ ధ్రువపత్రం మీద కారణం అచ్చుకాదు, చట్టమే వద్దంటుంది. ఆ గడి మా కోసం కాదు, షపీరో లాంటి మనిషి కోసం. దాని కిందే ఇంకో గడి ఉంది. పోయినవారికి పొగతాగే అలవాటు ఉందా, ఉంటే ఎన్నేళ్లుగా? అది ఖాళీగానే వదిలేశాడు. అడగలేదు. నేనూ చెప్పలేదు. పెద్దన్నయ్య అప్పటికే బండి స్టార్ట్ చేశాడు, తహసీల్దారు ఆఫీసు మూసేలోపు వెళ్లాలని.

పొలం పాసుపుస్తకం మూడు నెలల్లో ఆయన పేరు మీదికి వచ్చేసింది.